జాడదీపం

ఆ ఉదయం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కొత్తమాసు జశ్వంత్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: బాగా పని చేస్తున్న రెండు కిడ్నీలు, గుంటూరు మిర్చి యార్డులో నిలదొక్కుకున్న కొట్టు, కిడ్నీలు పాడైపోయిన భార్య, ఎవరికీ చెప్పని ఒక తప్పు. కిడ్నీల్లో ఒకదాన్ని భార్యకిచ్చేస్తే తప్పు చెల్లిపోతుంది. భార్య మిగులుతుంది. కొట్టు ఎటూ పోదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంతకన్నా మంచి బేరం ఎవరికి దొరుకుతుంది?

అది 2071 జనవరి. కొత్త పంట దిగే రోజులు. యార్డులో ఇప్పుడు ఎవరికీ తుమ్ములు రావు. ఘాటుని గాల్లోనే పట్టేసే జల్లెడ తెరలు నాలుగు వైపులా వేలాడుతుంటాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే బళ్ళు వాటంతటవే వచ్చి వాటంతటవే దింపి పోతాయి. కాయ రంగు, ఘాటు, తేమ వాసనపట్టెలు చెప్పేస్తాయి. ఒక్క ధర మాత్రం తువ్వాలు కింద తేలుతుంది. ఎందుకంటే నోటితో పలికిన అంకె, తెర మీద నొక్కిన అంకె ఏదైనా సరే, ధరలు వినే యంత్రాలు రెప్పపాటులో పట్టుకుని దేశమంతా చాటేస్తాయి. అందుకని వర్తకులు తాతల నాటి పద్ధతికే తిరిగొచ్చారు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, వేళ్ళతో అడుగుతారు, వేళ్ళతో చెబుతారు. పిడికిలి మూస్తే బేరం లేదని అర్థం. తువ్వాలు కిందికి చెవులు పెట్టే యంత్రాన్ని ఇంకా ఎవరూ చెయ్యలేదు.

ఆ వేళ్ళ భాషని ఆయన భార్య మేఘన పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది. కొట్లో పక్కన కూర్చుని నేర్చిన విద్య ఇంట్లోకీ వచ్చింది. ఊరెళ్దామా, కోపం తగ్గిందా, మీ చెల్లెలి వాళ్ళని పిలుద్దామా, అన్నీ తువ్వాలు కిందే. నోటితో అడిగితే నోటితో కాదనాలి, కాదన్నాక ముఖాలు చూసుకోవాలి. వేళ్ళకి ఆ ఇబ్బంది లేదు. వాళ్ళ కాపురంలో పెద్ద మాటలన్నీ అలా చప్పుడు లేకుండా తేలిపోయాయి. తేలనివి అలాగే ఉండిపోయాయి.

పెళ్ళయిన మూడో ఏట మేఘన కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఇద్దరికీ హెచ్ఐవీ ఉందని తేలింది. ఆ కడుపు నిలవలేదు. వ్యాధి మాత్రం ప్రాణాలు తీయడం అప్పటికే మానేసింది. ఆరునెలలకో సూది వేయించుకుంటే రక్తంలో వైరస్ ఆనవాలే ఉండదు. ఆ రోజు సలహా చెప్పే అమ్మాయి వాళ్ళిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, “ఎవరి నుంచి ఎవరికి అని మాత్రం ఒకర్నొకరు అడగకండి. దానివల్ల ఒరిగేదేం లేదు” అంది.

వాళ్ళు ఆ మాటని అక్షరాలా పాటించారు. తువ్వాలు కింద కూడా అడగలేదు.

అడగాల్సిన అవసరం జశ్వంత్‌కి లేదు కూడా. కుర్రతనంలో మిర్చి లోడుతో నాగపూరు దాకా వెళ్ళి, సరుకు అమ్ముడయ్యేదాకా లాడ్జీల్లో పడున్న రోజులు ఆయనకి గుర్తున్నాయి. తను తెచ్చి ఈ పిల్లకి అంటించాడు. అప్పటినుంచీ ఆ తప్పుకి తన తీరులోనే చెల్లింపు మొదలుపెట్టాడు. భార్య చెల్లెలి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించాడు. పిల్లలు లేరన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వలేదు. నోటి దురుసు ఒక్కటే మానుకోలేకపోయాడు. కోపమొస్తే ఎంత మాటైనా అనేసేవాడు. మేఘన పడేది. ఎందుకు పడుతుందో ఆయనకి ఎప్పుడూ బోధపడలేదు. మంచి మనిషి అనుకుని ఊరుకున్నాడు.

*

కణజాల పరిశోధన కేంద్రం ఊరి చివర ఉంది. దాని పెద్ద డాక్టర్ షేక్ నఫీసా. నలభై దాటిన మనిషి. ఒంట్లో దాక్కున్న వైరస్ జాడ చూపే జాడదీపం ఆవిడ చేసిన పరికరమే.

మేఘన అప్పటికే రక్తశుద్ధి కుర్చీలో ఉంది. వారంలో సగం రోజులు ఆ కుర్చీలోనే గడుస్తున్నాయి. మొగుణ్ణి చూసి నవ్వింది.

“ఏందండీ, పెళ్ళికొడుకు మాదిరి తయారై వచ్చారు?”

“నా కిడ్నీ అత్తారింటికి పోతంది గదా మరి.”

“బాజాలేవి?”

“నీ నోరు చాలదా? ఇంకా బాజాలెందుకు?”

“నాదా నోరు! అడగండి డాక్టరమ్మా, యార్డు మొత్తాన్ని అడగండి, నోరెవరిదో.”

నఫీసా నవ్వుతూ జశ్వంత్ నడుముకి వెడల్పాటి పట్టీ ఒకటి చుట్టింది. ముద్రించిన కిడ్నీలు దొరికే కాలంలో మొగుడి కిడ్నీ ఎందుకని ఆయన మొదట్లోనే అడిగాడు. ఆవిడ అప్పుడే చెప్పింది. యంత్రాల్లో కణం మీద కణం పేర్చి చేసిన కిడ్నీలు మామూలు వాళ్ళకి బాగానే నిలుస్తున్నాయి. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ఒంట్లో మాత్రం ఏడాది తిరక్కుండానే పాడైపోతున్నాయి. ఒంట్లో ఎక్కడో దాక్కున్న వైరస్ లేత కణాల్ని చూడగానే నిద్ర లేస్తోంది. ముదురు కిడ్నీ, అదీ ఆ వైరస్‌తో ఏళ్ళ తరబడి కాపురం చేసిన కిడ్నీ అయితే తట్టుకుంటుంది.

“ఆ దాక్కున్నదాన్ని చూడ్డానికే ఈ దీపం” అంది నఫీసా. “రక్తంలో సున్నా వస్తే వైరస్ లేనట్టు కాదు శెట్టిగారూ. అది తన జన్యువాక్యాన్ని మన కణం లోపలే రాసిపెట్టి పడుకుంటుంది. కిడ్నీ గొట్టాల్లోని కణాలు దానికి మంచి దాపు.”

“అర్థమైందమ్మా. టిక్కీ మూతి దగ్గర ఎప్పుడూ మంచి కాయే పెడతారు. మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూరిస్తేగాని తాలు తగలదు. మీరిన్నాళ్ళూ మూతి దగ్గర చూసి సర్టిఫికెట్లిచ్చారు.”

“అంతే అనుకోండి” అని ఆవిడ సూది గుచ్చింది. “పాతకాలంలో కిడ్నీలోంచి చిన్న ముక్క లాగి, నలిపి, ఉందా లేదా అని చూసేవాళ్ళు. గుచ్చిన చోట లేకపోతే లేదనేవాళ్ళు. ఇప్పుడు మీ రక్తంలోకి జాడగింజలు వదిలాను, కోట్ల కొద్దీ. ఒక్కోదాంట్లో ఒక ఆర్ఎన్ఏ పోగు ఉంటుంది. అది కణంలోకి దూరి, వైరస్ వాక్యంలో తనకి జోడీ దొరికితే అతుక్కుని ముడుచుకుపోతుంది. ముడుచుకున్న గింజ అల్ట్రాసౌండ్‌కి వేరేగా బదులు పలుకుతుంది. ఆ పలుకుని మీ నడుముకున్న పట్టీ వింటుంది. తెర మీద చుక్క వెలుగుతుంది. కొన్ని గింజలు తాము చదివిన వాక్యాన్ని మోసుకుని రక్తంలోకి తిరిగొస్తాయి. దాన్నిబట్టి ఆ వైరస్ ఏ వంశందో తెలుస్తుంది.”

“వంశమెందుకు?”

“వైరస్ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోయినప్పుడల్లా కాస్త కాస్త మారుతుంది. మీదీ, ఆవిడదీ ఒకే వంశమైతే చిక్కులేదు. ఆవిడ వాడే మందే మీ కిడ్నీలో ఉన్నదాన్నీ అణుస్తుంది. వేరే వంశమైతే ఆవిడకి రెండో వైరస్ ఇచ్చినట్టవుతుంది.”

“దానికి దీపాలెందుకమ్మా” అన్నాడు జశ్వంత్. “ఒకే లాటు సరుకు. నేను చెబుతున్నా గదా.”

మేఘన తల తిప్పి ఆయన వంక చూసింది. చూసి మళ్ళీ గోడవైపు తిరిగింది.

ఆవిడ ఈ కిడ్నీని నెలల తరబడి వద్దంది. “మీది నాకొద్దు” అనడమే తప్ప కారణం చెప్పలేదు. మొండితనం అనుకున్నాడాయన. లోపల ఎక్కడో తన మీద కోపం ఉండి ఉంటుందని కూడా అనుకున్నాడు, అది న్యాయమే అనీ అనుకున్నాడు. కిడ్నీ లేకపోతే రెండేళ్ళో, మహా అయితే మూడేళ్ళో అని నఫీసా తేల్చి చెప్పాక, దసరా వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం తువ్వాలు కింద ఆయన ఒక వేలు చాపితే, మేఘన చాలాసేపు ఆలోచించి దాన్ని పట్టుకుంది. సరే అన్నట్టు.

*

మేఘన నడుముకీ పట్టీ చుట్టారు. గింజలు కిడ్నీల్లోకి చేరడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత తెర మీద రెండు జతల కిడ్నీలు కనపడ్డాయి. వాటిలో ఒక్కొక్క చుక్కే వెలుగుతూ వచ్చింది, సాయంత్రం పూట పేటలో దీపాలు పెట్టినట్టు.

పరికరానికి గొంతుంది. నఫీసా వాళ్ళ పిన్ని గొంతట. ఎంత చెడ్డ కబురైనా విసుక్కోకుండా, సాగదీయకుండా చెప్పే మనిషని ఆ గొంతు పెట్టింది.

“జశ్వంత్‌గారి రెండు కిడ్నీల్లోనూ వైరస్ జన్యుపదార్థం ఉంది. నిద్రలో ఉంది” అంది పరికరం. “మేఘనగారి రెండు కిడ్నీల్లోనూ ఉంది. నిద్రలో ఉంది.”

“వంశం?” అంది నఫీసా.

“రెండు వంశాలు. కలవలేదు.”

“మళ్ళీ చూడు.”

“చూశాను. మేఘనగారిలో ఉన్నది కోస్తాలో తిరిగిన కొమ్మ. జశ్వంత్‌గారిలో ఉన్నది నాగపూరు వైపు కొమ్మ. ఒకరి నుంచి ఒకరికి రాలేదు.”

“అదెట్టా కుదురుద్ది?” అన్నాడు జశ్వంత్. “ఇంట్లో ఉండేది మేమిద్దరమే గదమ్మా. గాల్లోంచి వచ్చిద్దా?”

నఫీసా మాటల్ని ఏరుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. “ఇద్దరికీ పెళ్ళికి ముందే, ఎవరిది వాళ్ళకి వచ్చి ఉండాలి. ఒకటి ఉన్న ఒంట్లోకి రెండోది అంత తేలిగ్గా చేరదు. తర్వాత మీరు మందులో పడ్డారు. అందుకే ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.”

జశ్వంత్ నోరు తెరిచాడు. ఈలోపు కుర్చీలోంచి మేఘన గొంతు వినపడింది.

“అయితే ఈయనకి నా వల్ల రాలేదా?”

ఆయన నోట్లో ఉన్న మాటే అది. ఈవిడకి నా వల్ల రాలేదా అని అడగబోయాడు.

“నీ వల్లేంది?” అన్నాడు.

మేఘన తన కుడిచేతి బొటనవేలి వంక చూసుకుంది. “తెనాల్లో నర్సింగ్‌హోమ్‌లో చేశాగా, పెళ్ళికి ముందు. ఒకరికి గుచ్చిన సూది నా వేలికి దిగింది. చెబితే ఉద్యోగంలోంచి తీసేస్తారని చెప్పలా. తర్వాత నెల్రోజులు జొరం. మన పరీక్ష వచ్చిన రోజే తెలిసిపోయింది నాకు, ఎక్కణ్ణించొచ్చిందో.” తలెత్తి అడిగింది. “మరి మీకు?”

“నాగపూరు” అన్నాడు జశ్వంత్.

“ఓ” అంది మేఘన.

జశ్వంత్ తన లోపల ఏదో కూలుతుందని ఎదురుచూశాడు. ఏమీ కూలలేదు. మత్తు సూది వేసిన పన్ను చుట్టూ నాలుక తిప్పినట్టు లోపల అటూ ఇటూ తడుముకున్నాడు. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఏదీ తగిలినట్టు లేదు.

నఫీసా చెప్పాల్సింది చెప్పింది. కిడ్నీ ఇప్పటికీ ఇవ్వచ్చు. మేఘన ఇంకో రకం సూది కూడా జీవితాంతం వేయించుకోవాలి. కొంత ప్రమాదం ఉంది, అయినా కిడ్నీ లేకపోవడంతో పోలిస్తే తక్కువే. అయితే ఇదివరకు ఇచ్చిన ఒప్పుదల చెల్లదు. తెలిసిన సంగతి మారింది కాబట్టి ఇద్దరూ మళ్ళీ సరేననాలి.

జశ్వంత్ ఆవిడ వెనకే వరండాలోకి వచ్చాడు.

“డాక్టరమ్మా, మా మాదిరి వాళ్ళు ఇంకా వచ్చారా? వంశాలు కలవనోళ్ళు?”

“వచ్చారు.”

“వాళ్ళేం చేశారు?”

నఫీసా చేతిలోని పలకని బల్ల మీద పెట్టింది. జవాబు పలకలోంచి, పరికరం గొంతుతోనే వచ్చింది. “వంశం కలిసిన జంటల్లో అందరూ కిడ్నీ ఇచ్చారు. కలవని జంటల్లో ఎవరూ తిరిగి రాలేదు.”

“నిన్నెవరడిగారే?” అంది నఫీసా.

“జశ్వంత్‌గారు అడిగారు.”

ఆవిడ పలక నోరు మూయించింది. “వైరస్‌ని పట్టుకునే దీపం చెయ్యాలని పన్నెండేళ్ళు కూర్చున్నాను శెట్టిగారూ. ఇది పట్టుకుంటున్నది వైరస్‌నేనా అని ఈమధ్య అనుమానమొస్తోంది. మీరు వాళ్ళలా ఉండాలని లేదు. ఆలోచించుకోండి.”

*

మేఘనని కుర్చీలోంచి దింపి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. జశ్వంత్ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఆవరణలో ఎండ పడుతోంది. ఆయన మెడలో ఎప్పటి తువ్వాలే ఉంది. పొద్దున యార్డుకి వెళ్ళొచ్చాడేమో, మిర్చి వాసన వేస్తోంది.

ఆయన బుర్ర తన పని తను చేసుకుపోతోంది. దాన్ని ఆపడం ఆయనకి చేతకాదు. మరదలి పిల్లల చదువు. అది దేనికింద చేసినట్టు? పిల్లలు కావాలనున్నా లేదన్నట్టు ఊరుకున్న ఏళ్ళు. అవి దేనికింద? ఆస్పత్రుల చుట్టూ తిరగడం, నిద్ర లేకపోవడం, చివరికి ఈ కిడ్నీ. ఒక్కొక్కటీ తీసి చూశాడు. అన్నిటి మీదా ఒకటే గుర్తు ఉంది, తప్పుకి చెల్లింపు అని. తప్పే లేదని ఇప్పుడు తేలింది. మరి ఇచ్చిందంతా ఏ పేరున ఇచ్చినట్టు? ప్రేమ అని పేరు పెడదామని చూశాడు. అది ఉందో లేదో ఆయనకి తెలీదు. ఎప్పుడూ అవసరం పడలేదు. తప్పు ఒక్కటే అన్ని పనులూ చేయించింది. ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతికాడు. ఏది మంచి కాయో, ఏది తాలో ఈ టిక్కీలో మాత్రం తెలియలేదు.

అప్పుడే పక్కనున్న మనిషి కూడా అలాగే వెతుక్కుంటూ ఉంటుందని తట్టింది. తన దురుసు మాటలన్నీ ఆవిడ పడింది మంచితనంతో కాదు. మీది నాకొద్దు అన్నది మొండితనంతోనూ కాదు. అంటించిందీ నేనే, ఇంకా ఆయన కిడ్నీ కూడా ఎలా తీసుకునేది అనుకుని.

మేఘన ఆయన మెడలోంచి తువ్వాలు తీసి ఇద్దరి మధ్యా పరిచింది. దాని కింద చెయ్యి పెట్టింది.

జశ్వంత్ తన చెయ్యి కూడా పెట్టాడు. ఒక వేలు చాపాలి. ఒక వేలంటే ఒక కిడ్నీ. దసరా తర్వాత చాపిన వేలే. చాపుదామనుకున్నాడు. ఆయనకి వద్దని లేదు. ఇవ్వకూడదనీ లేదు. ఊరికే, వేలు లేవడానికి వెనకనుంచి ఎప్పుడూ తోసేది ఏదో ఉండేది, అది ఇవాళ లేదు. పూర్తిగా తన బలంతోనే ఎత్తాల్సి వచ్చింది. అందుకని ఆలస్యమైంది. ఎండ బెంచీ కాలి దగ్గరికి వచ్చినప్పుడు ఆయన వేలు చాపాడు. మనస్ఫూర్తిగానే చాపాడు.

యార్డులో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. వేలు ఎంత చెప్పిందన్నది సగమే. ఎంతసేపటికి చెప్పిందన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని మేఘనకి నేర్పింది జశ్వంతే. ఆలస్యంగా వచ్చిన వేలితో బేరం కుదుర్చుకోకు, రేపు సరుకు తిరిగొస్తుంది అని కొట్లో కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

మేఘన ఆయన వేలిని పట్టుకోలేదు. దాన్ని మెల్లిగా మడిచింది. మిగతా వేళ్ళ పక్కన చేర్చి, పిడికిలి మూసి, పైన తన అరచెయ్యి ఉంచింది.

“ఇస్తానంటున్నాగా” అన్నాడు జశ్వంత్ పైకి.

“తెలిసింది.”

“మరేంది?”

“ఇన్నాళ్ళూ మీరేమన్నా పడ్డానండీ. అంటించినదాన్ని, ఇంకా ఏం మాట్లాడతాలే అనుకునేదాన్ని. ఇప్పుడు మీది తీసుకుంటే ఇంకో కొత్త కారణం మొదలవుద్ది. కిడ్నీ ఇచ్చాడు గదా, పడాలి అని.” ఆవిడ గొంతులో కోపం లేదు. ఎండలో ఆరిన గుడ్డ మడతపెడుతున్నట్టు చెప్పింది. “నాకు ఓపిక అయిపోయింది. రేపల్లెలో చెల్లెలి దగ్గరికి పోతా. ఆ పక్కనే రక్తం శుద్ధి చేసే చోటు ఉందంట.”

“రెండేళ్ళే అంది డాక్టరమ్మ.”

“మూడు కూడా అంది.”

జశ్వంత్ ఇంకేదో అనాలనుకున్నాడు. ఉండిపో అనచ్చు. ఆ మాట నోటితో ఎప్పుడూ అనలేదు. వేళ్ళతో చెబుదామంటే పిడికిలి మూసి ఉంది. మేఘన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది, వెచ్చగా. తర్వాత ఆవిడే తువ్వాలు దులిపి, మడిచి, ఆయన భుజాన వేసింది.

*

వారం తిరిగాక జశ్వంత్ యార్డులో ఉండగా ఆయన పలక మోగింది. నఫీసా వాళ్ళ పిన్ని గొంతు పలికింది.

“ఒప్పుదల గడువు ముగిసింది. జశ్వంత్‌గారి రెండు కిడ్నీలూ ఆరోగ్యంగా ఉన్నాయి. వాటిలో వైరస్ నిద్రలో ఉంది. మందు మార్చనక్కర్లేదు. ఇంకేమైనా అడగాలా?”

“ఇంకేం కనపడింది నీకు, లోపల?”

“నేను వైరస్ జన్యుపదార్థాన్ని మాత్రమే వెతుకుతాను.”

“సరే” అన్నాడు.

రేపల్లె నుంచి కబురు లేదు. ఆవిడ కుర్చీ రోజులు మాత్రం ఆయనకి గుర్తున్నాయి. ఇవాళ కుర్చీ రోజు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కొనుగోలుదారు ఎదురుగా నిలబడి, తువ్వాలు కప్పి, వేళ్ళు చాపాడు. జశ్వంత్ ఆలస్యం చెయ్యకుండా బదులిచ్చాడు. బేరం కుదిరింది. బళ్ళు వాటంతటవే టిక్కీలు ఎత్తుకుపోయాయి. ఎండు తొక్కలు రాలిన నేల మీద ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. నిలబడ్డప్పుడు లెక్క చూసుకోవడం అలవాటు కనక చూసుకున్నాడు.

కిడ్నీలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కొట్టు ఉంది. తప్పు పోయింది. భార్య వెళ్ళింది. మొత్తం మీద ఆయనకి మిగిలిన లాభం ఒక్కటే. ఎవరికీ ఏమీ బాకీ లేడు.